మనోవ్యాధిగల బాలురకు పగటి చికిత్స: కౌంటీవారి గుత్తపద్ధతి



చెఱువుకట్టకు మన్ను పోయించుట, బాటకు కంకర పఱపించుట, బడికి కప్పు వేయించుట మొదలగు పనులను గుత్తకిచ్చుట మీలో పలువురు ఎఱిగినదే. గుత్తదారుడు ధర చెప్పును. పంచాయతీవారు బేరమాడుదురు. కాగితము వ్రాసికొందురు. పని ముగిసిన పిమ్మట ఓవర్సీయరు వచ్చి, టేపు పట్టి కొలిచి, కొలతల పుస్తకములో నెక్కించి బిల్లు వ్రాయును. ఈ పనులలో నొక సౌలభ్యము కలదు. మన్ను కంటికి కనబడును. తవ్విన గోతి నడుమ తవ్వక విడిచిన మంటిదిబ్బ పూర్వము నేల యెంత యెత్తున నుండెనో సాక్ష్యము చెప్పును. దిబ్బ తలనుండి గోతి యడుగువఱకు కొలిచినచో నెంత మన్ను తీసిరో పసివాడైనను చెప్పగలడు.

ఇపుడొక పదునాఱేండ్ల బాలుని ఊహింపుడు. వానికి రాత్రులు నిద్రలేదు. బడికి పోడు. గది తలుపు వేసికొని వెలుపలికి రాడు. ఒకసారి ప్రాణము తీసికొనబోగా తల్లి చూచి ఆపినది. ఆసుపత్రిలో వారము దినములుంచి ఇంటికి పంపిరి. ఈ బాలుని మనస్సును కుదుటపఱచు పనిని ప్రభుత్వమువారు గుత్తకిచ్చినచో, దానిని ఏ టేపుతో కొలువవలెను? ఏ పుస్తకములో నెక్కింపవలెను?

ఇది వట్టి యూహ గాదు. అమెరికా సంయుక్తరాష్ట్రములలో కాలిఫోర్నియా రాష్ట్రమున కౌంటీ ప్రభుత్వములు ఈ పనిని గుత్తకిచ్చుచునే యున్నవి. ఆ దేశపు సంగతి మనకేల యని మీరడుగవచ్చును. మన గ్రామములనుండి పోయిన పిల్లలు శాంతాక్లారా, అలమేడా మొదలగు కౌంటీలలో కాపురములు చేయుచున్నారు. వారి బిడ్డలు అక్కడి బడులలో చదువుచున్నారు. "మనుమడు నాలుగు నెలలనుండి బడికి పోవుటలేదు, నాన్నా" యను మాట టెలిఫోనులో విన్న తాతలు మీలో ఉండవచ్చును. అట్టివారికి అక్కడి యేర్పాటేమో తెలిసియుండుట మంచిది. అంతేగాక, కంటికి కనబడని పనికి కాగితము వ్రాయుట యెట్లను ప్రశ్న ఏ దేశమువారికైనను ఆలోచింపదగినదే.

ముందుగా పగటి చికిత్స యననేమో చెప్పెదను. మనోవ్యాధిగ్రస్తుని ఆసుపత్రిలో రాత్రింబవళ్లు ఉంచుట యొక పద్ధతి. వారమున కొక గంట వైద్యునికడకు పోయి మాటలాడి వచ్చుట మఱియొక పద్ధతి. మొదటిది కొందఱికి మితిమీఱిన మందు. రెండవది కొందఱికి చాలని మందు. ఈ రెంటి నడుమ నున్నది పగటి చికిత్స. రోగి ఉదయము వచ్చి పగలంతయు చికిత్సాలయమున నుండి, సాయంకాలమున ఇంటికి పోయి తన పడకపై తాను పరుండును. 1930 తరువాతి తొలి సంవత్సరములలో మాస్కో నగరమున ఇట్టి పగటి ఆసుపత్రి యొకటి పనిచేసెను. 1946లో కెనడాలోని మాంట్రియల్ నందును, లండను నందును ఇట్టివి వెలసెను. యుద్ధానంతర మగుటచే మంచములు చాలవు, రోగులు మెండు. అక్కఱయే ఉపాయమును చూపెను.

బాలుర పగటి చికిత్సాలయములో దినము గడచు విధము మీరు తెలిసికొనవలెను. ఉదయము బండి వచ్చి పిల్లలను ఎక్కించుకొనును. చేరిన వెంటనే పిల్లలును సిబ్బందియు వలయముగా కూర్చుండి సభ జరుపుదురు. ఈ సభ దినమున కొకమాఱైనను జరిగి తీరవలెనని నియమము కలదు. రాత్రి యెట్లు గడిచినది, ఎవనికెవనిపై కోపము వచ్చినది, నేటి పని యేమి యని అందఱియెదుట మాటలాడుకొందురు. మన రచ్చబండ కిది దూరపు చుట్టమని నాకు తోచును. తరువాత చిన్న చిన్న గుంపులుగా విడిపోయి, కోపము వచ్చినపు డేమి చేయవలెను, నిద్ర పట్టనిచో నేమి చేయవలెను, తోడి బాలునితో మాట యెట్లు మొదలిడవలెను అనువానిని అభ్యసింతురు. బొమ్మలు వేయుట, సంగీతము, నాట్యము కొందఱికి నోరు తెఱపించును. అర్హతగల వైద్యుడో, సలహాదారో ఒక్కొక్కనిని వేఱుగా కూర్చుండబెట్టుకొని మాటలాడును. ఆపత్సమయమున నేమి చేయవలెనో ముందుగనే వ్రాసి యుంచుకొనవలెను. నెలకొకసారియైనను తల్లిదండ్రులతోనో, పెంచువారితోనో మాటలాడవలెను. ఆ కట్టడములోనే బడిచదువు కూడ సాగవచ్చును గాని, చదువు చెప్పిన కాలమును చికిత్సా కాలముగా లెక్కింపరాదు. ఊరక ఆటలాడించి దానిని చికిత్స యని వ్రాసికొనుటయు చెల్లదు.

ఈ చికిత్సలో రెండు తరగతులు కలవు. మొదటిది తీవ్రమైన పగటి చికిత్స. ఆసుపత్రికి పోవలసినంత స్థితిలో నున్న బాలుని పోకుండ కాపాడుటకును, ఆసుపత్రినుండి వచ్చినవానిని నిలువబెట్టుటకును ఇది యేర్పడినది. రెండవది పగటి పునరావాసము, కొంత తేఱుకొన్నవానికి. మొదటి దానిలో ఎనమండుగురు పిల్లలకు ఒక్కరికి తక్కువ గాకుండ సిబ్బంది యుండవలెను. రెండవ దానిలో పదిమందికొకరు. నలువదిమందికి నేనొక్కడనే పాఠము చెప్పినవాడను గనుక ఎనమండుగురి కొకరను లెక్క వినగానే నాకు ముచ్చట గలిగినది. అయినను, కుర్చీ విసరివైచు బాలుడొకడు, మాటాడకయే కన్నీరు గార్చు బాలిక యొకతె ఆ యెనమండుగురిలో నున్నచో, ఒక్క మనుష్యునికి అదియు బరువే.

ఇక నీ భారము కౌంటీపై నేల పడినది? కౌంటీ యనగా మన జిల్లావంటిది. కాని కలెక్టరు లేడు. ప్రజలెన్నుకొన్న సూపర్వైజర్ల బోర్డు దాని నేలును. సాధారణముగా అయిదుగురు సభ్యులు; శాన్ ఫ్రాన్సిస్కోలో మాత్రము పదునొకండుగురు. రాష్ట్రమున మొత్తము 58 కౌంటీలు. లాస్ ఏంజెలిస్ కౌంటీలో కోటికి దగ్గఱగా జనులుండగా, కొండలలోని ఆల్పైన్ కౌంటీలో మన యొక చిన్న గ్రామమునకు సరిపడు జనులు, పండ్రెండు వందల ప్రాంతమున, ఉందురు. రెంటికిని చట్టము ఒక్కటే.

పూర్వ మక్కడ మనోవ్యాధిగ్రస్తులను రాష్ట్రప్రభుత్వపు పెద్ద యాసుపత్రులలో నుంచువారు. 1957 ప్రాంతమున ముప్పదివేలకు మించిన రోగులు వానిలో నుండిరి. ఆ 1957లోనే షార్ట్-డాయిల్ చట్టము వచ్చి, కౌంటీలు తమ యూళ్లలోనే చికిత్స యేర్పఱచినచో అందైన వ్యయములో సగము రాష్ట్రము భరించునని చెప్పెను. 1963లో అధ్యక్షుడు కెన్నెడీ సామాజిక మానసికారోగ్య చట్టముపై సంతకము చేసెను. 1967లో కాలిఫోర్నియా శాసనసభ చేసిన చట్టము, మనుష్యుని ఇష్టములేకుండ ఆసుపత్రిలో నుంచుటకు గట్టి హద్దులు విధించి, 1969లో అమలునకు వచ్చెను. పెద్ద యాసుపత్రులు ఖాళీ యయ్యెను. వానికి బదులుగా ఊరూర వెలయవలసిన చికిత్సాలయములు మాత్రము చెప్పినన్ని వెలయలేదు. పాత యిల్లు పడగొట్టి కొత్త యింటికి పునాదిమాత్రము తీసి విడిచినట్లయినది. 1991లో రాష్ట్రము అమ్మకపు పన్నులో కొంత భాగమును, వాహనముల రుసుములో కొంత భాగమును కౌంటీలకు వదలి, బాధ్యతనుకూడ వారికే అప్పగించెను. 2004లో ప్రజలు ఓటు వేసి, పదిలక్షల డాలర్లకు మించిన వ్యక్తిగతాదాయముపై నూటికొక్క వంతు పన్ను విధించి, ఆ ధనమును మానసికారోగ్యమునకు కేటాయించిరి. 2024 మార్చిలో మరల ఓటు వేసి ఆ చట్టపు పేరును, పంపకపు తీరును మార్చిరి.

బీదల వైద్యమున కక్కడ మెడికాల్ అను ప్రభుత్వ పథకము కలదు. బాలుర చికిత్సకగు వ్యయములో సాధారణముగా సగము కేంద్రమిచ్చును. తక్కిన సగము రాష్ట్రమును కౌంటీయు చూచుకొనవలెను. ఇరువదియొక్క సంవత్సరములు నిండని వారికి ఒక విశేషరక్షణ కలదు. పిల్లవానిని ముందుగా పరీక్షించి, అవసరమని తేలిన చికిత్సను ఇచ్చి తీరవలెనని కేంద్రశాసనము. "ధనము చాలదు" అనుమాట బాలునికడ చెల్లదు. ఈ యొక్క సంగతిని జ్ఞాపకముంచుకొనుడు. ముందు దీనితో పని యున్నది.

కౌంటీవారు కొన్ని చికిత్సలను తమ సొంత యుద్యోగులచేతనే చేయింతురు. పగటి చికిత్సవంటి వానిని మాత్రము తఱచుగా లాభాపేక్షలేని సంఘములకు గుత్తకిత్తురు. మొదట ప్రతిపాదనలను కోరుచు ప్రకటన వెలువరింతురు. మన రోడ్డుపనివలె అందఱికంటె తక్కువ ధర చెప్పినవానికే యీయరు. పని చేసిన యనుభవ మెంత, అర్హతగల సిబ్బంది యెందఱు, ఏ భాషలవారికి ఉపచారము చేయగలరు, ధర యెంత యని ఒక్కొక్క దానికి మార్కులు వేయుదురు. పరీక్షాపత్రములు దిద్దినవారికి ఈ మార్కుల బలమును బలహీనతయు తెలియును. చక్కగా వ్రాయ నేర్చినవాడు చక్కగా చేయ నేర్చినవాడని లేదు. పెద్ద కౌంటీలో నలుగురైదుగురు ముందుకు రావచ్చును. కొండప్రాంతపు చిన్న కౌంటీలో ఒక్కరును రాకపోవచ్చును. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి యన్న సామెత కౌంటీలకును వర్తించును. అట్టిచోట ప్రక్క కౌంటీలోని సంఘముతో ఒడంబడిక చేసికొని, పిల్లవానిని బండిలో దూరము పంపుటయు కలదు.

ఇపుడు కాగితములోనికి వత్తము. ఒడంబడిక సాధారణముగా అక్కడి ప్రభుత్వ సంవత్సరము ననుసరించి జూలై 1వ తేది మొదలు జూన్ 30వ తేదివఱకు నడచును. ఈ సంవత్సరమున ఇంతకుమించి చెల్లింపమని మొత్తము వ్రాసియుండును. సిబ్బంది వ్రేలిముద్రలిచ్చి నేరచరిత్ర లేదని నిరూపించుకొనవలెను. బాలుని నెవరైన హింసించుచున్నట్లు తోచినచో అధికారులకు తప్పక తెలుపవలెను. బాలుని రోగవృత్తాంతము రహస్యముగ నుంచవలెను. లెక్కల పుస్తకములు దాచి, అడిగినపుడు చూపవలెను. ప్రభుత్వమునకు ధనము రానిచో ఒడంబడిక రద్దగునని యొక షరతుకూడ నుండును. వీనిలో చాలభాగము మన గుత్తకాగితములవంటివే గనుక విడిచెదను.

అసలు ముడి వేఱొకచోట నున్నది. కౌంటీ కొనునది దేనిని? బాలుని స్వస్థతను గాదు; బాలుని దినమును. కార్యక్రమము నాలుగు గంటలకు మించినచో అది పూర్ణదినము. మూడుగంటలకు తగ్గక నాలుగు గంటల లోపల ముగిసినచో అర్ధదినము. ఇంతమంది బాలురు, ఇన్ని పూర్ణదినములు, ఇన్ని యర్ధదినములు అని గుణించి బిల్లు వ్రాయుదురు. తీవ్రచికిత్సలో దినదినమును ఒక్కొక్క బాలునిగుఱించి, నేడేమి చేసితిమి, వాడెట్లుండెను అని వ్రాయవలెను. పూర్వము వారమునకొక సారాంశముకూడ వ్రాయవలసి యుండెను; వ్రాతపని తగ్గించుటకై 2022లో దానిని తొలగించిరి. దినపు వ్రాత లేనిచో ఆ దినమే లేదు. తనిఖీదారులు వచ్చి పుస్తకములు చూచి, వ్రాతలేని దినములకు చెల్లించిన ధనమును మరల రాబట్టుదురు. పని నిజముగా చేసినను సరే, వ్రాయకున్నచో చేయనట్లే.

ఇందులోనే మఱియొక నియమము కలదు. బాలుడు కార్యక్రమపు గంటలన్నిటను ఉండవలెను. తప్పనిసరి కారణముచే కొంతసేపు లేకున్నను, సగము కాలమైన నున్ననే ఆ దినమునకు ధనము వచ్చును. నూటికి నలువదిపాళ్లున్నచో ఏమియు రాదు.

పై బాలుని జ్ఞప్తికి తెచ్చుకొనుడు. వాని రోగమే ప్రొద్దున లేవలేకపోవుట. బండి వచ్చి వాకిట నిలుచును. తల్లి పిలుచును. వాడు దుప్పటి తీయడు. చికిత్సాలయపు సలహాదారు ఒకరు కాఱులో వచ్చి, గది తలుపు వెలుపల నేలపై కూర్చుండి, గంటన్నర మెల్లగా మాటలాడి, చివఱకు వానిని లేపి తీసికొనిపోవును. అప్పటికి మధ్యాహ్నమగును. కార్యక్రమపు సగము దాటినది. ఆ దినము చికిత్సలన్నిటిలోను ఉత్తమమైన చికిత్స జరిగిన దినమని నేననుకొందును. కొలతల పుస్తకములో మాత్రము ఆ పగలు సున్న. అదే గదిలో మిక్కిలి సులువుగా కుదురుకొనుచున్న బాలుడు ప్రతిదినము తొమ్మిదింటికే వచ్చి కూర్చుండి పూర్ణదినపు ధనము తెచ్చిపెట్టును. ఇద్దఱిలో ఎవనికి చోటిచ్చుట సంఘమునకు లాభము? అక్కడి సంఘములవారు దుర్మార్గులని నేననుట లేదు. వారిలో పెక్కుమంది చాలీచాలని జీతములకు పనిచేయు సజ్జనులు. కాని అద్దె, దీపములు, జీతములు బాలుడు రాని దినమునను ఆగవు. గుత్తకాగితమున కొక వాలు కలదు. నీరు ఆ వాలునకే పాఱును. కొందఱు కౌంటీవారు దీనిని గ్రహించి, యింటికి పోయి చేసిన ఉపచారమునకు వేఱొక పద్దు క్రింద ధనమిత్తురు. ఆ పద్దు ఒడంబడికలో వ్రాసియున్ననే చెల్లును, లేకున్న లేదు. ఒక్క పంక్తిలో ఒక బాలుని చోటు నిలుచుటయో పోవుటయో కలదు.

నేనీ సంగతిపై ఇంతసేపు నిలుచుటకు కారణము చెప్పవలెను. నేను బడిపంతులుగా నున్న దినములలో ఒక యూరి పాఠశాలలో తొమ్మిదవ తరగతి బాలుడొకడు క్రమముగా మాటాడుట మానెను. తరువాత బడికి వచ్చుట మానెను. నేను హాజరుపట్టీలో దినదినము సున్నలు చుట్టి, నియమము ప్రకారము కొన్నాళ్లకు దీర్ఘకాలపు గైరుహాజరని వ్రాసి పేరు కొట్టివైచితిని. పట్టీ శుభ్రముగా నున్నది. తనిఖీకి వచ్చినవారు నా పట్టీని మెచ్చుకొనిరి. ఆ బాలుని యింటికి నేనెన్నడు పోలేదు. వాడు రెండు వీథుల యవతల నుండెను.

కొలత లేకుండ గుత్త నడవదు, అదియు నిజమే. మంటిదిబ్బవంటి సాక్ష్యము మనస్సునకు లేదా యని కాలిఫోర్నియా వారును ఆలోచించిరి. 2018 మొదలు అక్కడి కౌంటీలు బాలురకు రెండు ప్రశ్నావళులను వాడవలెనని రాష్ట్రము నిర్ణయించినది. ఒకటి బాలుని అవసరములను, బలములను తెలుపునది. చికిత్సకుడు బాలునితోను ఇంటివారితోను మాటలాడి దానిని నింపును. నిద్ర, దిగులు, కోపము, బడి, స్నేహము, కుటుంబము మొదలగు ఒక్కొక్క విషయమునకు సున్న మొదలు మూడు వఱకు అంకె వేయును. సున్నయన్న బాధలేదు, మూడన్న వెంటనే పూనుకొనవలసినది. రెండవ పత్రములో ముప్పదియైదు ప్రశ్నలు. దానిని తల్లియో తండ్రియో నింపవలెను. చికిత్స మొదటను, ఆఱునెలలకొకసారియు, చివరను వీనిని నింపుదురు. మొదటి పత్రము తవ్వక విడిచిన దిబ్బ; చివరిపత్రము గోతి యడుగు. రెంటికిని నడుమ నున్న భేదమే జరిగిన పని.

ఈ యుపాయము నాకు నచ్చినది గాని, దీనిలోను జాగ్రత్త వలయును. దిబ్బను గుత్తదారుడే కట్టుకొన్నచో నేమగునో మట్టిపని యెఱిగినవారు చెప్పగలరు. రాత్రికి రాత్రి దిబ్బపై రెండు తట్టల మన్ను వేసి మట్టము పెంచిన ఘనులను మనమెఱుగుదుము. ఇక్కడ మొదటి పత్రము నింపువాడును, చివరిపత్రము నింపువాడును తఱచుగా చికిత్స చేయువాడే. తల్లి నింపు పత్రము అందుకే విలువగలది. ఆమె యంకెకును చికిత్సకుని యంకెకును మిక్కిలి భేదమున్నచో, కౌంటీవారు అక్కడ ఆగి చూడవలెను.

గుత్తలో ఇరుపక్షములు తగవులాడినపుడు నడుమ బాలుని గతి యేమగునో చూపు వృత్తాంత మొకటి కలదు. 1975లో కేంద్రశాసనము వికలాంగులైన బాలురందఱికిని తగిన విద్యను ఉచితముగ నీయవలెనని బడులకు విధించెను. మనోవికారముచే చదువలేని బాలురును ఇందులో చేరుదురు. కాలిఫోర్నియాలో 1984లో చేసిన చట్టము అట్టి బాలుర మానసిక చికిత్సను బడులనుండి తీసి కౌంటీల కప్పగించెను. వ్యయమును రాష్ట్రము తీర్పవలెను. రాష్ట్రము తీర్చుట ఏటేట ఆలస్యమగుచు, కౌంటీలకు రావలసిన బాకీ పెరిగెను. 2010 అక్టోబరులో గవర్నరు ష్వార్జ్‌నెగ్గర్ ఇందులకై యుంచిన సుమారు 13 కోట్ల 30 లక్షల డాలర్లను కొట్టివైచెను. విద్యాసంవత్సరము నడుమనున్నది. పిల్లలు చికిత్సాలయములలో నున్నారు. కౌంటీలు "మాకు బాధ్యత లేదు" అనినవి, బడులు "ఇది మా పని కాదు" అనినవి, వ్యాజ్యములు నడచినవి. తుదకు 2011లో శాసనముచేసి ఆ భారమును మరల బడులకే మార్చిరి. ఇపుడట్టి బాలునికి బడియే చికిత్స యేర్పఱుపవలెను. అది కౌంటీతోనో, సంఘముతోనో వేఱుగా ఒడంబడిక చేసికొనవచ్చును. మెడికాల్ బాలుని బాధ్యత కౌంటీదే. ఒక్కొక్క బాలుడు రెండు వాకిళ్లకును చెందును. ముందు చెప్పిన కేంద్రశాసనపు మాట ఇక్కడ పనికివచ్చును. గుత్తలో వ్రాసిన మొత్తము ఏప్రిల్ నెలకే ముగిసినను అది సంఘమునకును కౌంటీకిని నడుమ నున్న లెక్క. బాలుని హక్కు దానితో ముగియదు. ఇంటివారు ఇది యెఱుగక "నిధులు లేవట" యని వినినంతనే వెనుకకు వత్తురు.

మనవారి సంగతి కొంత చెప్పవలెను. అక్కడి మన పిల్లలలో చాలమందికి ఉద్యోగమిచ్చినవారి ద్వారా భీమా యుండును. అట్టివారి బిడ్డలకు సాధారణముగా ఈ కౌంటీగుత్తలు గాక భీమా సంస్థయే చికిత్స చూపవలెను. 2021 జనవరి మొదలు అక్కడి ఆరోగ్య భీమాలు వైద్యదృష్టిచే అవసరమగు మనోవ్యాధుల చికిత్సలన్నిటికిని వ్యయము భరింపవలెనని రాష్ట్రశాసనము కలదు. ఉద్యోగము పోయి భీమా పోయినవారికి, ఆదాయము తక్కువగలవారికి మెడికాల్ దారి యున్నది. కౌంటీ సేవలలో దుబాసిని ఉచితముగా ఏర్పాటు చేయవలెను. తెలుగే వచ్చిన అమ్మమ్మ తెలుగులోనే తన మాట చెప్పుకొనవచ్చును. రోగియైన బాలునినే దుబాసిగా చేసి మాటలాడుట తగదు. తన దుఃఖమును తానే యింగ్లీషునుండి తెలుగులోనికి మార్చి అమ్మమ్మకు చెప్పవలసిన బిడ్డ, సగము మ్రింగి సగము చెప్పును. మనము టెలిఫోనులో "గాలి సోకినది, తాయెత్తు పంపెదము" అనియో, "నలుగురికి తెలిసిన పరువు పోవును" అనియో చెప్పినచో, దుప్పటి క్రింద నున్న బాలుడు ఆ మాటను గోడ యావలనుండి వినును.

మన దేశమునను 2017 నాటి మానసికారోగ్య పరిరక్షణ చట్టము ప్రభుత్వము నడపు, లేక ధనమిచ్చు మానసిక చికిత్సను పొందుట ప్రతివాని హక్కని చెప్పినది. బాలుర మానసికారోగ్య సేవలను, కుటుంబమునకు సాయమును, ఊరిలోనే పునరావాసమును అందులో పేర్కొన్నది. 2022 అక్టోబరులో టెలిమానస్ అను టెలిఫోను సేవ మొదలైనది. 14416 అను అంకెకు ఎవరైనను ఫోను చేయవచ్చును, తెలుగులో మాటలాడవచ్చును. పగటి చికిత్సాలయములు మనకు మిక్కిలి తక్కువ. అవి పెరిగిన నాడు మన జిల్లాలలోను గుత్తకాగితములు పుట్టును. దినమునకా, బాలునికా, దేనికి ధనమిచ్చెదమను ప్రశ్న మనకును వచ్చును.

చివరగా, ఆ కాగితము బోర్డు ముందుకు వచ్చు విధము. అక్కడి ప్రతి కౌంటీలో మానసికారోగ్య సలహాసంఘ మొకటి యుండవలెను. దాని సభ్యులలో సగము మందియైనను చికిత్స పొందినవారో, వారి బంధువులో కావలెను. కౌంటీ ఒడంబడికలను పరిశీలించుట వారి విధులలో నొకటి. సూపర్వైజర్ల సభలు 1953 నాటి బ్రౌన్ చట్టము ప్రకారము అందఱియెదుట జరుగవలెను. సాధారణ సభకు డెబ్బదిరెండు గంటల ముందుగా కార్యక్రమ పట్టిక ప్రకటింపవలెను. ఎవరైనను వచ్చి కూర్చుండవచ్చును. కూర్చుండుటకు పేరు చెప్పనక్కఱలేదు. ఒక్కొక్క విషయముపై కొద్దినిమిషములు మాటలాడనిత్తురు. పగటి చికిత్స గుత్త తఱచుగా "సమ్మతి విషయములు" అను శీర్షిక క్రింద, రోడ్ల మరమ్మతులు, బండ్ల కొనుగోళ్ల నడుమ నొక పంక్తిగా నుండును. ఆ శీర్షికలోని వాని నన్నిటిని కలిపి ఒక్క ఓటుతో ఆమోదింతురు. ఎవరును లేవనిచో అరనిమిషము పట్టదు. ఏ సభ్యుడైనను ఆ పంక్తిని వేఱుగా తీసి చర్చింపుడని కోరవచ్చును. సభకు వచ్చినవారు లేచి అట్లు చేయుడని సభ్యులను వేడవచ్చును. మనుమని చూడబోయి ఆఱునెలలు అక్కడ నుండు తాతకు తీఱిక కొదువ లేదు. అల్లుని కాఱులో పోయి వెనుక వరుసలో కూర్చుండి, ఆ పంక్తి వచ్చినపుడు దుబాసిద్వారా నైనను రెండు ప్రశ్నలు వేయవచ్చును. గత సంవత్సరము చేరిన పిల్లల మొదటి పత్రములకును చివరిపత్రములకును భేద మెంత? రానివానికొఱకు ఇంటికి పోయినచో, ఆ పోకకు ఈ కాగితములో పద్దు కలదా?